ట్రంకుపెట్టె నుంచి వీపుసంచి దాకా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు నేను కాశీలో ఉన్నాను. "నీ తిరుగుడు గురించే రాయి, పిల్లలు అదే అడుగుతున్నరు" అన్నారు. నిజమే. కిందటి సభలో పదో తరగతి తమ్ముడొకడు లేచి రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిది: "అన్నా, నువ్వు పని చేస్తున్నవా, తిరుగుతున్నవా?" అందరూ నవ్వారు. రెండోది: "మరి ఫారాల మీద అడ్రసు ఏం రాస్తవ్?" దానికి ఎవరూ నవ్వలేదు. నేను కూడా సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఒక ఊళ్లో స్థిరంగా ఉండకుండా, నెలో రెండు నెలలో ఒకచోట గది తీసుకుని, ల్యాప్‌టాప్ మీద ఇంటర్నెట్ ద్వారా పని చేసుకుంటూ, ఆ సంపాదనతోనే తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్లను ఇప్పుడు 'డిజిటల్ నోమాడ్లు' అంటున్నారు. 1997లో త్సుగియో మాకిమోతో, డేవిడ్ మానర్స్ అనే ఇద్దరు ఆ పేరుతోనే ఒక పుస్తకం రాశారు. అంతకు ముందే, 1983లో స్టీవెన్ రాబర్ట్స్ అనే అమెరికన్ తన సామాను చాలావరకు వదిలించుకుని, కంప్యూటర్ కట్టిన సైకిల్ మీద దేశం తిరగడం మొదలుపెట్టాడు. దారిలో రోడ్డు పక్క టెలిఫోన్ బూతుకు తన చిన్న కంప్యూటర్ తగిలించి, రాసిన వ్యాసాలు పత్రికలకు పంపేవాడు. మన దగ్గర ఇది సామాన్యుడికి అందింది మాత్రం 2016 సెప్టెంబరులో జియో వచ్చి డాటా చవకైన తర్వాతే. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని అలవాటయ్యాక, మనిషి ఆఫీసులో కనిపించకపోయినా పని జరుగుతుందని యజమానులకు కూడా అర్థమైంది.

తిరుగుతూ బతకడం మనకు కొత్తా?

తెలుగువాళ్లలో యాత్రికుడు అనగానే ఏనుగుల వీరాస్వామయ్య పేరు చెబుతారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, మన నిర్మల్, ఆదిలాబాద్ దారినే నాగపూర్ దాటి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. మజిలీల నుంచి మిత్రుడికి రాసి పంపిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. గొప్ప పుస్తకం. కానీ ఆయన పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్లాడు. మన బడ్జెట్‌కు ఆ లెక్క కుదరదు.

నాకు దగ్గరగా కనిపించేవాళ్లు వేరే ఉన్నారు. మన హాస్టల్లో చదివిన బుడగజంగాల పిల్లలు మీకు గుర్తుండే ఉంటారు. వాళ్ల తాతలు కథ చెబుతూ ఊరూరూ తిరిగారు. గంగిరెద్దులవాళ్లు ఎద్దును ఆడిస్తూ, లంబాడా బిడారులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ తిరిగారు. పనిని వెంట తీసుకుని తిరిగినవాళ్లంటే వీళ్లే. రైళ్లు, రోడ్లు వచ్చాక లంబాడాల రవాణా వ్యాపారం పోయింది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి పోలీసు హాజరు కింద పెట్టింది. అది 1952లో గానీ రద్దు కాలేదు. తర్వాత కూడా, స్థిరమైన చిరునామా లేనందువల్ల వాళ్లకు రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం దొరకని పరిస్థితిని 2008లో రేణకే కమిషన్ తన నివేదికలో రాసింది.

ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగేవాణ్ణి ఇవాళ గౌరవంగా చూస్తారు, డోలు పట్టుకుని తిరిగినవాణ్ణి ఠాణాకు పిలిచారు. తేడా ఎక్కడుందో నాకు చాలాకాలం తెలియలేదు. సొంతంగా దెబ్బ తగిలాక తెలిసింది. అది తర్వాత చెబుతాను.

పని ఏమిటి, పూట ఎట్లా గడుస్తుంది?

నేను 2004లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేశాను. డిగ్రీ చదువుతూ మంచిర్యాలలో ఒక డీటీపీ సెంటరులో పెళ్లి పత్రికలు, కరపత్రాలు టైపు చేశాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, రాత్రిళ్లు ప్రూఫులు. తర్వాత యూనికోడ్ నేర్చుకున్నాను. అదే నన్ను గట్టెక్కించింది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం, వీడియోలకు సబ్‌టైటిళ్లు, ప్రూఫ్‌రీడింగ్ నా పనులు. 2018 నుంచి ఈ పని మీదే తిరుగుతున్నాను.

మీరు ఇదే పని చేయాలని చెప్పడం లేదు. ఇప్పుడైతే అసలు చెప్పను. యంత్ర అనువాదం వచ్చాక మా రేట్లు పడిపోయాయి. 2018లో పదానికి రూపాయి తీసుకున్నవాణ్ణి, యంత్రం చేసినదాన్ని దిద్దే పనికి ఇప్పుడు 35 పైసలు తీసుకుంటున్నాను. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, ట్యాలీలో దూరం నుంచే లెక్కలు రాసేవాళ్లు, పిల్లలకు ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేవాళ్లు నాకు దారిలో కలిశారు. అందరిలో ఒకటి గమనించాను. ఏదో ఒకచోట కుదురుగా కూర్చుని మూడు నాలుగేళ్లు పని నేర్చుకుని, పాతిక మంది ఖాతాదారులను సంపాదించుకున్నాకే వాళ్లు సంచి సర్దారు. తిరుగుతూ పని వెతుక్కుంటామని బయలుదేరినవాళ్లు మూడు నెలల్లో ఇంటికి చేరారు.

యూట్యూబు మాట కూడా అడుగుతారు. 'నా అన్వేషణ', 'ఉమా తెలుగు ట్రావెలర్' లాంటి ఛానళ్లు చూసి, తిరుగుడే సంపాదన అనుకుంటారు. 2018 నుంచి ఉన్న నిబంధన ప్రకారం మామూలు వీడియోల మీద ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. ఆ గీత దాటాక వచ్చే డబ్బు కూడా మొదట్లో టీ ఖర్చులకే సరిపోతుంది. అది కూడా ఒక పనే, అందులోనూ రోజంతా పోతుంది. తిరగడానికి డబ్బు కోసం మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

పని వేళలు మనకు కొత్త కాదు. అమెరికా ఖాతాదారుకు పగలైతే మనకు రాత్రి. నైటు షిఫ్టు చేసి వచ్చి పగలు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునే తండ్రులున్న ఇళ్లలో పెరిగినవాళ్లం. బాపు నన్ను చూసి, "నేను బాయిల దిగిన, నువ్వు గదిల దిగినవ్. మస్టర్ పడేది నాకు, నీకు అదీ లేదు" అన్నాడు. ఆ మాట నిజం. మాకు ప్లేడే లేదు, నాగా పెడితే అడిగేవాడు లేడు, జ్వరం వస్తే కంపెనీ దవాఖానా లేదు. కాశీలో ఒకసారి డెంగీ వచ్చి పన్నెండు రోజులు పడుకున్నాను. ఆ పన్నెండు రోజులూ సంపాదన సున్నా, పైగా ఆస్పత్రి బిల్లు. ఆ పని ఇచ్చిన ఖాతాదారు వేరేవాడిని చూసుకున్నాడు, తిరిగి నా దగ్గరికి రాలేదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: తమ్ముడూ, నేను పని చేస్తున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు తిరుగుతున్నాను.

నెల లెక్క

దాచుకోకుండా రాస్తున్నాను. కిందటి చలికాలం కాశీలో ఒక నెల: గది 5,000, తిండి 4,500, రెండు సిమ్ములకు 600, ఆటోలు, పడవలు 700, వచ్చిపోయే రైలు ఖర్చులో ఆ నెల వాటా 900, సబ్బులు, మందులు, చాయ్ 1,300. మొత్తం 13,000. ఆ నెల నాకు 28,000 వచ్చింది. ఇంటికి 10,000 పంపాను. మిగిలింది 5,000. అంతకు ముందు నెల వచ్చింది 11,000 మాత్రమే. అంటే ఇంటికి పంపడానికే చేతిలో ఉన్నదాంట్లోంచి తీయాల్సి వచ్చింది.

ఈ జీవితం గురించి రాసే ఇంగ్లీషు పుస్తకాల్లో ఇంటికి పంపే డబ్బు అనే గడి ఉండదు. వాళ్లకు అవసరం లేదేమో. మనకు అదే మొదటి గడి. అందుకే నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఖర్చు 13,000, ఇంటి డబ్బు 10,000 కలిపి ఆరు నెలలకు సరిపడా, అంటే 1,38,000 రూపాయలు బ్యాంకులో ఉన్నప్పుడే ఊరు కదలాలి. అది తగ్గిపోతే తిరిగి వచ్చి చెల్లె ఇంట్లో ఉండి పని చేసుకోవాలి. రెండుసార్లు అట్లా వచ్చాను. సిగ్గేమీ పడలేదు.

తక్కువ ఖర్చుకు కిటుకు అంటూ ఒకటే ఉంది, తొందరగా కదలకపోవడం. మూడు రోజులకో ఊరు మారితే లాడ్జి అద్దె, రైలు ఛార్జీ కలిసి ఖర్చు రెట్టింపవుతుంది. నెల రోజులకు గది మాట్లాడుకుంటే రోజు అద్దెలో మూడో వంతుకు దొరుకుతుంది. మంచిర్యాలలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒకే బండిలో మొఘల్‌సరాయి చేరవచ్చు. 2018లో ఆ స్టేషనుకు పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు, జనం మాత్రం ఇంకా పాత పేరే అంటారు. అక్కడి నుంచి కాశీ ఆటో దూరం. జనరల్ బోగీలో హైదరాబాద్ కట్టుబడి పనుల నుంచి ఇళ్లకు పోయే బీహారీ కూలీలు కాళ్లు పెట్టే సందు లేకుండా ఉంటారు. ల్యాప్‌టాప్ ఉన్న రోజు మాత్రం స్లీపర్ టికెట్ తీసుకుంటాను. అది పిసినారితనం చూపే చోటు కాదు.

ల్యాప్‌టాప్ అంటే సెకండ్‌హ్యాండుదే, 18,000 పెట్టి కొన్నాను. రాత్రి దాన్ని గొలుసుతో మంచానికి కట్టి తాళం వేస్తాను. ఈ విద్య మన హాస్టల్ ట్రంకుపెట్టె నేర్పింది. నిజానికి హాస్టల్ ఇంకా చాలా నేర్పింది. వాళ్లు పెట్టింది తినడం, ఇరవై మంది మధ్య చెవులు మూసుకుని చదవడం, ఒక బకెట్టు నీళ్లతో స్నానం, బట్టలు ఉతుకుడు రెండూ కానివ్వడం. డార్మిటరీలో పై మంచం దొరికితే ఫిర్యాదు చేసే తోటి యాత్రికులను చూసి నాకు నవ్వొస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే కదా. కష్టానికి ఓర్చుకునే శరీరం మనకు ముందే ఉంది.

గది అడిగినప్పుడు

నాతో పని చేయించుకునే బెంగళూరు ఖాతాదారు, లండన్ ఖాతాదారు ఎన్నడూ నా కులం అడగలేదు. వాళ్లకు ఫైలు సమయానికి వస్తే చాలు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కానీ ఫైలు పంపడానికి ఒక గది కావాలి, ఆ గదికి ఒక యజమాని ఉంటాడు. "మీరేమిట్లు?" అని తెలుగులో అడిగినా, "పూరా నామ్ క్యా హై?" అని హిందీలో అడిగినా అడిగేది ఒకటే. ఒక ఊళ్లో అడ్వాన్సు తీసుకుని, సామాను పెట్టుకున్నాక, ఆధార్ మీద ఇంటి పేరు చదివి, "మా చుట్టాలు వస్తున్నారు" అని డబ్బు తిరిగి చేతిలో పెట్టారు. రాత్రి తొమ్మిది గంటలు. మరునాడు పొద్దున పని అప్పజెప్పాలి. రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో, ఛార్జింగ్ ప్లగ్గు పక్కన కింద కూర్చుని పూర్తి చేశాను.

అప్పటి నుంచి కొన్ని జాగ్రత్తలు నేర్చుకున్నాను. మొదటి మూడు రోజులు పేరు మాత్రమే చూసే డార్మిటరీలో దిగుతాను. రైల్వే డార్మిటరీ, యూత్ హాస్టల్, గురుద్వారా అతిథి గృహం ఏదైనా సరే. నాందేడ్ హుజూర్ సాహిబ్ మనకు దగ్గర, అక్కడి లంగరులో పంక్తికి కులం లేదు. అయితే గురుద్వారాలో రెండు మూడు రోజులకు మించి ఉండకూడదు, అది యాత్రికుల కోసం పెట్టింది, మన ఆఫీసు కోసం కాదు. ఆ మూడు రోజుల్లో ఊళ్లో పనిచేసేవాళ్లను, టీ కొట్టువాళ్లను అడిగి గది వెతుక్కుంటాను. కాశీలోని శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో తెలుగు వినిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు దారి అడగడానికి మంచి చోటు. కొన్ని సత్రాలు ఇప్పటికీ ఒక కులానికే అని బోర్డు పెట్టుకుని ఉంటాయి. బోర్డు పెట్టినవాళ్లే నయం, ముందే తెలుస్తుంది.

అడ్రసు సంగతి

ఇప్పుడు రెండో ప్రశ్న. తిరిగేవాడికి అడ్రసుతో పనేమిటి అనుకుంటాం. నా అనుభవంలో, కదలకుండా ఉండేవాడి కంటే తిరిగేవాడికే అడ్రసు ఎక్కువ అవసరం. బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు, విదేశీ చెల్లింపులకు బ్యాంకు అడిగే పత్రాలు, ఆదాయపు పన్ను రిటర్ను, పాస్‌పోర్టు, అన్నీ ఒక ఇంటి నంబరు మీద నిలబడి ఉంటాయి. ఆ ఇల్లు కదిలితే అన్నీ కదులుతాయి.

మన బెల్టులో ఆ ఇల్లు ఏమిటో మీకు తెలుసు. కంపెనీ క్వార్టరు. బాపు 2016లో రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేశాం. నా ఆధార్ ఆ క్వార్టరు మీదే ఉండిపోయింది. బ్యాంకు కొత్త కార్డు ఆ క్వార్టరుకు పంపితే, అందులో దిగినవాళ్లు ఎవరో తెలియదని తిప్పి పంపారు. నేనప్పుడు గోకర్ణలో ఉన్నాను, పాత కార్డు గడువు అయిపోయింది. చేతిలో 340 రూపాయలు. ఖాతాలో డబ్బు ఉండి కూడా ఐదు రోజులు అప్పు తిండి తిన్నాను. బొగ్గు అయిపోయి బాయిలు మూసేస్తే కాలనీలకు కాలనీలే ఖాళీ అవుతాయి. బెల్లంపల్లిని చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మనం స్థిరంగా ఉన్నామని అనుకుంటాం కానీ మన ఇళ్లు బాయి ఉన్నంతకాలమే.

పాస్‌పోర్టుది ఇంకో కథ. దరఖాస్తు నింపిన నెట్ సెంటరు కుర్రాడు పుట్టిన ఊరు 'కాసిపేట' బదులు 'కాజీపేట' అని కొట్టాడు, పక్కన జిల్లా వరంగల్ అని కూడా పెట్టాడు. నేను చూసుకోలేదు. పదో తరగతి మెమోలో ఒకటి, దరఖాస్తులో ఒకటి. దిద్దించుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. మెమోలో నా ఇంటి పేరు పొడి అక్షరమే ఉండడం, ఆధార్‌లో పూర్తిగా ఉండడం ఇంకో తిరకాసు. ఇప్పుడు పదిలో ఉన్న తమ్ముళ్లు మెమోలో, ఆధార్‌లో, కుల పత్రంలో పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ ఒక్క తీరుగా ఉన్నాయా అని ఈ నెలలోనే సరిచూసుకోండి. హాస్టల్లో ఉండగా సార్లు, వార్డెన్ గారు సంతకం పెట్టడానికి ఎదురుగా ఉంటారు. తర్వాత ఆ సంతకం కోసమే తిరగాలి.

మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500. పది పాసైన మెమో పెడితే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమనే ముద్ర పడదు. పది పాసవనివాళ్లకు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ఆ తనిఖీ తప్పదు. మన దగ్గర నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్ల ఇళ్లలో అడిగితే ఆ ముద్ర విలువ చెబుతారు.

సరిహద్దు దాటితే

మొదట దేశంలోనే తిరగండి. ఆ తర్వాత నేపాల్. 1950 నాటి ఒప్పందం వల్ల మనవాళ్లకు అక్కడ వీసా అక్కరలేదు, ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సునౌలీకి బస్సు, ఆ గేటు నడిచి దాటడమే. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. భూటాన్‌కూ వీసా లేదు కానీ, మనవాళ్లకు రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంది, నెల రోజులు ఉండేవాడికి అది కుదరదు.

మిగతా దేశాల విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పర్యాటక వీసా చూడటానికే, పని చేయడానికి కాదు. ల్యాప్‌టాప్ మీద మన దేశపు పని చేసుకుంటే ఎవరికి తెలుస్తుందని కొందరు చేస్తుంటారు, దొరికితే పంపించేస్తారు, మళ్లీ రానివ్వరు. ఇందుకోసమే ఎస్తోనియా 2020 ఆగస్టులో ప్రత్యేక వీసా తెచ్చింది. 2024 జూలైలో థాయిలాండ్ ఐదేళ్ల వీసా పెట్టింది, ఒక్కోసారి 180 రోజులు ఉండవచ్చు. కానీ ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపించాలి, మన డబ్బులో పన్నెండు లక్షలు దాటుతుంది. 'బడ్జెట్ యాత్రికుడు' అనే మాట వాళ్ల లెక్కలో ఎవరికి వర్తిస్తుందో దీంతో తెలుస్తుంది.

థాయిలాండ్ పేరు ఎత్తాను కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. "థాయిలాండ్‌లో డాటా ఎంట్రీ, నెలకు లక్ష, టికెట్ మేమే ఇస్తాం" అని ఫోన్‌కు వచ్చే మాటలు మీలో కొందరు చూసే ఉంటారు. పని ఆన్‌లైన్, ఊరు విదేశం, ఇంగ్లీషు కొంచెం వస్తే చాలు. నేను పైన రాసిన జీవితం లాగానే కనిపిస్తుంది. ఇట్లా పోయినవాళ్లను బ్యాంకాక్‌లో దింపి, కారులో గంటల తరబడి తీసుకుపోయి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ వైపు ప్రహరీ గోడల మధ్య పెట్టి, పాస్‌పోర్టులు గుంజుకుని, మన దేశంలోని జనాన్నే ఫోన్లలో మోసం చేసే పని చేయించారు. ఒప్పుకోనివాళ్లను కొట్టారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం రెండు రోజుల్లో 549 మందిని మే సోట్ నుంచి వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. నిజమైన ఆన్‌లైన్ పనికి ఒక గుర్తు ఉంది, దాన్ని కాసిపేటలో కూర్చుని కూడా చేయవచ్చు. పని చేయడానికి ముందు విమానం ఎక్కమంటే అది ఆన్‌లైన్ పని కాదు. అయినా పోవాలనిపిస్తే ఆ ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి, ఇంట్లోవాళ్లకు పాస్‌పోర్టు నకలు ఇచ్చి పోండి.

నేనిప్పుడు ఆధార్, పాన్, బ్యాంకు అన్నీ సోమగూడెంలో చెల్లె ఇంటికి మార్చుకున్నాను. నా ట్రంకుపెట్టె కూడా అక్కడే ఉంది, అందులో అసలు సర్టిఫికెట్లు. బావ దాని మీద కుట్టుమిషన్ పెట్టాడు, కాబట్టి ఎవరూ కదపరు. ఏడాదికి రెండుసార్లు వచ్చి ఉత్తరాలు చూసుకుని, రిటర్ను వేసుకుని, మళ్లీ మంచిర్యాలలో రైలెక్కుతాను. పూర్వ విద్యార్థుల చిరునామాల పుస్తకం తయారవుతోందని కమిటీవారు మొన్న నాకూ ఒక ఫారం పంపారు. సోమగూడెం, కాసిపేట మండలం, మంచిర్యాల జిల్లా అని రాశాను. అచ్చులో మళ్లీ 'కాజీపేట' పడకుండా 'సి' కింద రెండు గీతలు గీశాను.